పరిభాషయా, క్రియయా? – తెలుగు విజ్ఞానరచనలో నిశ్చయానిశ్చయములు

తెలుగున విజ్ఞానశాస్త్ర విషయములను సామాన్యపాఠకులకు బోధించుటను గూర్చి నూరేండ్లకు పైబడి సాగిన చర్చలో అధికభాగము పరిభాషను గూర్చినదే. ఆక్సిజనును ప్రాణవాయువనవలెనా, ఆమ్లజని యనవలెనా, ఉన్నదున్నట్లు ఆక్సిజన్ అనియే వ్రాయవలెనా. కార్బన్ డయాక్సైడునకు బొగ్గుపులుసుగాలి యను తెనుగుకూర్పు తగునా, సంస్కృతసమాసము తగునా – ఇట్టి ప్రశ్నలపై మనవారు చేసిన వాదములకు లెక్క లేదు. ఆ శ్రమ వ్యర్థమని నేననను. దానివలననే నేడు జన్యువు, కణము, ఉపగ్రహము, విద్యుత్తు అను మాటలు పల్లెబడిలో సైతము సంకోచము లేక వినవచ్చుచున్నవి. అయినను ఒక విజ్ఞానవ్యాసమును చేతబట్టినప్పుడు అందలి నామపదములను మాత్రము పరీక్షించి, క్రియాపదములను చూడక విడుచుట మన విమర్శకులకు అలవాటైనది. నామము వస్తువును చూపును. ఆ వస్తువును గూర్చి మనకెంత తెలియును, ఎట్లు తెలిసినది, తెలిసినదానిని ఎంతవరకు నమ్మవచ్చును అను సంగతిని తెలుపునది క్రియ. తెలుగు విజ్ఞానరచన పేర్లు పెట్టుటలో ఎంత జాగ్రత్త వహించినదో, క్రియలను వాడుటలో అంత అజాగ్రత్తగా నున్నదని ఈ వ్యాసమున చూపదలచితిని. విజయవాడ వన్ టౌనున చదువు నేర్చినవాడనగుటచే ఉదాహరణములు ఆ ప్రాంతపువే ఎక్కువగా వచ్చినవి. పత్రికలకును, ప్రచురణశాలలకును చిరకాలము నెలవైన పట్టణము గనుక అది అంత అనుచితము కాదేమో.

ముందు పేర్ల సంగతి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు జ్యోతిశ్శాస్త్రమును, శారీరశాస్త్రమును తెనుగున సంగ్రహించినది మొదలు ఈ మార్గము ఏర్పడినది. దానిని రాజమార్గముగా చేసినది విజ్ఞాన చంద్రికా మండలి. 1906లో హైదరాబాదున ఏర్పడి తరువాత మద్రాసునకు తరలిన ఈ మండలికి ప్రాణమైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు (1877–1923) కృష్ణామండలమున పెనుగంచిప్రోలున జన్మించినవారు. చరిత్రగ్రంథములతో సమానముగా రసాయనశాస్త్రమును, పదార్థవిజ్ఞానమును, జీవశాస్త్రమును ప్రజలకు చదివింపవలెనని వారు పూనుకొనిరి. వారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము మూడు సంపుటములతో ఆగిపోయినది గాని ఆ సంకల్పము ఆగలేదు. 1914 ఏప్రిలులో బెజవాడలో జరిగిన తొలి గ్రంథాలయ మహాసభయు, దాని వెనుక నిలిచిన అయ్యంకి వేంకట రమణయ్యగారి కృషియు, 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణ పశ్చిమకాలువపై పడవలో నడిపిన గ్రంథాలయమును – ఇవన్నియు ఆ గ్రంథములకు పాఠకులను కూర్చిన ప్రయత్నములే.

మండలివారి వైద్యగ్రంథములలో ఆచంట లక్ష్మీపతిగారి (1880–1962) ‘చలిజ్వరము’, ‘అంటువ్యాధులు’ అను వానిని ప్రత్యేకముగ పేర్కొనవలసియున్నది. పేర్లలోనే గ్రంథకర్త వివేకము కానవచ్చుచున్నది. మలేరియా అను మాటను ఆయన ఎరుగనివారు కారు; అయినను పాఠకుని నోటనున్న చలిజ్వరమునే శీర్షికకు తీసికొనిరి. ఇక ‘అంటువ్యాధి’ వ్యాకరణమున మిశ్రమని చెప్పదగిన సమాసము. పూర్వపదము దేశ్యము, పరపదము తత్సమము. పండితుడు ముఖము చిట్లించుకొనదగిన ఈ కూర్పు నూరేండ్లలో తెలుగు మాటగా స్థిరపడినది. కారణము స్పష్టమే. అంటు అనగా నేమో పాఠకునికి ముందే తెలియును. మైలను గూర్చిన పాతభావము నిండిన పాత్రలో వైద్యుడు సూక్ష్మజీవులను గూర్చిన క్రొత్తభావమును పోసెను.

అయితే ఈ పేరు చేసిన మేలుతోపాటు ఒక చిక్కును కూడ గమనింపవలెను. అంటుట యనగా తాకుట. కలరా నీటివలన వచ్చును, చలిజ్వరము దోమవలన వచ్చును, క్షయ గాలివలన వచ్చును. వీనిని అన్నిటిని అంటువ్యాధులన్నప్పుడు తాకిడియే కారణమను భావము పాఠకుని మనస్సున మిగులును. 2020లో క్రొత్త వైరస్సు వచ్చినప్పుడు మా వన్ టౌనున కాళేశ్వరరావు మార్కెట్టునుండి తెచ్చిన కూరగాయలను ఉప్పునీట కడిగి ఆరబెట్టిన ఇండ్లే, తలుపులు మూసిన గదిలో పదిమంది కూర్చుండి ముచ్చటించుకొనుటను తప్పుగా నెంచలేదు. పేరు బాగుగా కుదిరినను దాని వెంట వివరణము నడువవలెనని దీనివలన తెలియుచున్నది.

పేర్ల విషయమున జనులు మనకొరకు కాచుకొని యుండలేదను సత్యమును కూడ ఒప్పుకొనవలెను. కృష్ణాడెల్టా రైతు యూరియాను యూరియా యనియే అనెను. వరిపైరును పీల్చివేయు పురుగునకు దోమపోటు అనియు, ఆకులను మాడ్చు రోగమునకు అగ్గితెగులు అనియు తన మాటలు తాను వాడుకొనెను. 1986లో బాపట్ల నుండి విడుదలయైన వరివంగడమునకు సాంబమసూరి యను చక్కని పేరుండగా, దాని సంఖ్యాసంకేతముననే ‘బీపీటీ’ యని బజారున స్థిరపరచెను. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి శాస్త్రములవారిగా పదకోశములు కూర్చినది. వానికి పాఠ్యగ్రంథములలో ప్రయోజనము కలదు. కాని బజారున పేరు లేక ఆగిపోయిన శాస్త్రవిషయము నాకు కనబడలేదు. ఆగిపోయినది మరియొకటి.

అది క్రియ. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) క్రియలకు చెప్పిన అర్థములలో తద్ధర్మము ఒకటి. వస్తువునకు సహజమైన, కాలముతో నిమిత్తము లేని ధర్మమును అది చెప్పును: నిప్పు కాల్చును, నీరు పల్లమునకు పారును. శాస్త్రనియమములను చెప్పుటకు ఇంతకన్న తగిన రూపము వేరొకటి లేదు. చంద్రికా మండలి కాలపు గ్రంథములలో ఈ రూపము మిక్కుటముగా కనబడుట సహజమే. వ్యావహారికమున దీనికి బదులుగా వచ్చిన ‘చేస్తుంది’, ‘తగ్గిస్తుంది’ అను రూపములలో తద్ధర్మమును భవిష్యత్తును కలిసిపోయినవి. దోమకాటు చలిజ్వరమును కలిగించును అన్నది దశాబ్దముల పరీక్షకు నిలిచిన మాట. ఫలానా ఆకు రసము మధుమేహమును తగ్గించును అన్నది నిన్న ఒక ప్రయోగశాలలో పదిపండ్రెండు ఎలుకలయందు కనబడిన మాట. తెలుగున ఈ రెండును ఒకే క్రియారూపమున వెలువడుచున్నవి. నిప్పు కాల్చును, ఆకు తగ్గించును. పాఠకుని చెవికి రెండింటికిని భేదము లేదు. (ఈ వ్యాసమును కూడ ఆ తద్ధర్మక్రియతోనే నడుపుచున్నానని పాఠకులు ఎత్తిచూపవచ్చును. నిజమే. అలవాటును తప్పుపట్టుట సులభము, విడుచుట కష్టము.)

సందేహమును తెలుపుటకు తెలుగున రూపము లేదా యన్నచో, ఉన్నది. కాని అది మూడర్థములది. ‘-వచ్చును’ అను రూపమును చూడుడు. ‘నేటినుండి పెరుగు తినవచ్చును’ అని వైద్యుడన్నచో అది అనుమతి. ‘ముప్పది దినములలో టైపు నేర్చుకొనవచ్చును’ అని గోడమీద వ్రాసియున్నచో అది సామర్థ్యము, ఇంచుమించు వాగ్దానము. ‘రేపు వాన రావచ్చును’ అన్నచో అది సందేహము. కర్త అచేతనమైనప్పుడు సందేహార్థము స్పష్టముగ తోచును. కర్త పాఠకుడే యైనప్పుడు మాత్రము సందేహము అనుమతిగా, అనుమతి వాగ్దానముగా జారిపోవును. ‘ఈ మందుతో కోలుకొనవచ్చును’ అన్న శీర్షికను వ్రాసినవాడు సందేహార్థమున వ్రాసియుండును. చదివినవాడు వాగ్దానముగా చదువును. ఇద్దరును తెలుగు తప్పలేదు. పరాయిభాషా పత్రికలలోని జాగ్రత్తమాటను మనవారు ‘-వచ్చును’ అని మార్చినంతనే పని ముగిసినదనుకొనుటలో లోపమున్నది.

విచిత్రమేమనగా, ఎరుకలోని తరతమభేదములను చెప్పుటకు తెలుగునకు ఉన్నంత సొమ్ము అనేక భాషలకు లేదు. విన్నమాటను ‘అట’ అందుము. ఆనవాలును బట్టి ఊహించినదానిని ‘కాబోలు’ అందుము. తేల్చుకొనలేనిదానిని ‘ఏమో’ అందుము. కన్నులకు కనబడు సూచనను బట్టి ‘వచ్చేట్టుంది’ అందుము. తూర్పున మబ్బు పట్టినప్పుడు మా పెద్దలు వాడిన మాట ఇదియే. వాన వచ్చుననియు వారు చెప్పలేదు, రాదనియు చెప్పలేదు, తాము దేనిని చూచి అనుచున్నారో చెప్పిరి. ఇంటిలో నిమిషమునకొకసారి వాడుకొను ఈ సంపదను మనము కలము పట్టిన వెంటనే గడప బయట విడిచివచ్చుచున్నాము. కారణము లేకపోలేదు. ‘అట’ యన్నచో వెక్కిరింపు ధ్వనించును. ‘కాబోలు’ కథలకు తగినదని మన భావము. ‘ఏమో’ విజ్ఞానికి పరువుతక్కువ. వీనికి బదులు వార్తలలో స్థిరపడిన మాట ఒకటే – ‘అధ్యయనంలో తేలింది’.

‘తేలింది’ అన్న ఈ మాట కొంత విచారణకు తగినది. మునిగినది నీటిపైకి వచ్చుట దాని మొదటి యర్థము. లెక్క తేలుట, తగవు తేలుట, నేరము తేలుట తరువాతివి. అన్నిటను తుదినిర్ణయమే భావము. తేలిన లెక్కను మరల వేయరు. తేలిన తగవును మరల పంచాయతీకి తేరు. విజ్ఞానమున ఒక్క అధ్యయనముతో తేలునది అరుదు. ఒకచోట కనబడినది వేరొకచోట కనబడకపోవచ్చును, చిన్నగుంపున కనబడినది పెద్దగుంపున మాయము కావచ్చును. కావున ‘తేలింది’ యను క్రియ, వార్త ఎంత నిజమైనను, ఆ నిజముయొక్క స్వభావమును గూర్చి పాఠకునికి అబద్ధము చెప్పుచున్నది. పరిభాషలో పొరపాటు వచ్చినచో పాఠకుడు ఒక మాటను తప్పుగా నేర్చును. ఇచ్చట పొరపాటు వచ్చినచో శాస్త్రమనగానేమో తప్పుగా నేర్చును.

ఇది కేవలము వ్యాకరణచర్చ కాదనుటకు 2020, 2021 సంవత్సరములు సాక్ష్యము. రెమ్డెసివిర్ అను మందు కథను తీసికొందము. 2020 జూనులో హైదరాబాదు సంస్థ యొకటి దానిని మనదేశమున తయారుచేసి విడుదల చేయుటకు అనుమతి పొందినది. అదే సంవత్సరము అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక దేశముల ఆసుపత్రులలో జరిపించిన పరీక్షల మధ్యంతర ఫలితములను ప్రకటించినది. ఆసుపత్రిలో చేరిన రోగుల మరణములను ఆ మందు తగ్గించినట్లు కనబడలేదు. నవంబరులో దానిని వాడవద్దని ఆ సంస్థ సూచించినది. అయినను 2021 ఏప్రిలు, మే నెలలలో తెలుగునాట ఆ మందు సీసాకొరకు జనులు బంగారము తాకట్టుపెట్టిరి, రాత్రులు మందుల దుకాణముల ముందు నిలుచుండిరి. 2022 ఏప్రిలులో అదే సంస్థ మరల తన సూచనను సవరించి, వ్యాధి తీవ్రము కాకమునుపే, ప్రమాదము ఎక్కువగా నున్నవారికి వాడదగునని చెప్పినది. ఇందులో ఎవరును మాట తప్పలేదు. ఎరుక పెరిగినకొలది సూచన మారినది. దీనికి ఎదురు కథయు కలదు. 2020 జూనులో బ్రిటనులో జరిగిన పెద్ద పరీక్షలో డెక్సామెథసోన్ అను చౌకమందు, కృత్రిమశ్వాసపై నున్న రోగుల మరణములను ఇంచుమించు మూడవవంతు తగ్గించినట్లు కనబడినది. దానికొరకు ఎవరును బంగారము తాకట్టుపెట్టనక్కరలేకపోయినది. ప్లాస్మా చికిత్స సంగతియు అట్టిదే. మనదేశముననే జరిగిన పరీక్ష దానివలన మరణములు తగ్గలేదని 2020లోనే చూపగా, అధికారిక మార్గదర్శకములనుండి దానిని తొలగించినది 2021 మే నెలలో.

ఆ రెండేండ్లలో సామాన్యపాఠకునికి మాటలు కొరతపడలేదు. ఆక్సిజన్, సాచురేషన్, స్టెరాయిడ్, యాంటీబాడీ – కెనాల్ రోడ్డున మూటలు మోయువారి నోటను వినబడినవి. కొరతపడినవి వేరు: ఈ మాట ఎంత గట్టిది, ఎవరిలో చూచిరి, దేనితో పోల్చి చూచిరి అను ప్రశ్నలు. 2021 మే నెలలోనే నెల్లూరుజిల్లా కృష్ణపట్నమున ఒక నాటుమందుకొరకు జనులు వేలుగా గుమికూడిరి. వారిని మూఢులని తీసిపారవేసినవారు చాలమంది. కాని పత్రికలో చదివిన మందునకును, పొరుగువాడు చెప్పిన మందునకును ఒకే క్రియ – ‘తగ్గిస్తుంది’ – వాడబడుచుండగా, ఏది పరీక్షకు నిలిచినదో ఎట్లు తెలియవలెను? భేదమును భాషలో మనము చూపలేదు, వారు చూడలేదు.

వన్ టౌనున ఒకప్పుడు చేతితో అక్షరములు కూర్చిన అచ్చుకూటమున కంపోజిటరుగా పనిచేసిన పెద్దాయన నాకు పరిచయస్థుడు. పత్రికను మొదటి అక్షరమునుండి తుదివరకు చదువువాడు. 2021 వేసవిలో ఒకనాడు నన్నడిగినాడు: “మాస్టారూ, టీకా డెబ్బైయెనిమిది శాతం పనిచేస్తుందని రాశారు గదండీ. అంటే వందమందికి వేస్తే ఇరవైరెండు మందికి వేసినా వెయ్యనట్టేనా?” నేను వెంటనే జవాబు చెప్పలేకపోయితిని. ఇంటికి పోయి లెక్క చూచుకొనవలసి వచ్చినది. ఆ లెక్కను ఇచ్చట వ్రాయుచున్నాను. ఎందుకనగా దీనిని తెలుగున వ్రాయుటకు క్రొత్త పరిభాష ఒక్కటియు అక్కరలేదని చూపుట నా ఉద్దేశము.

హైదరాబాదున తయారైన కోవాగ్జిన్ టీకా మూడవదశ పరీక్షలో ఇంచుమించు 25,800 మంది పాల్గొనిరి. వారిని చీట్లు వేసినట్లు రెండు సమానభాగములుగా విభజించిరి. ఒక భాగమునకు టీకా, రెండవదానికి టీకాను పోలినదే గాని టీకా కాని సూది. ఎవరికి ఏది పడినదో వేయించుకొనినవారికిని తెలియదు, వేసినవారికిని తెలియదు. తరువాత జబ్బు లక్షణములతో పరీక్షలో బయటపడినవారిని లెక్కించిరి. మొత్తము 130 మంది. అందులో టీకా పొందినవారు 24, పొందనివారు 106. అనగా టీకా లేనిచోట 106 మందికి జబ్బు వచ్చునంత కాలమున, టీకా ఉన్నచోట 24 మందికి వచ్చినది. 106లో 82 మందికి జబ్బు తప్పినట్లయినది. అది నూటికి సుమారు 77. ప్రకటింపబడిన సంఖ్య 77.8, మన చేతిలెక్కకు దాదాపు అదియే. కావున ఇరువదిరెండుగురకు సూది వృథాయైనదనుట కాదు. టీకా లేనిచో జబ్బుపడవలసినవారిలో నూటికి సుమారు డెబ్బదియెనిమిది మందికి అది తప్పినదనుట. సూదులు వేసినవారు వేలలో నుండగా జబ్బుపడినవారు ఇరు భాగములలోను కొలదిమందే యనుటయు గమనింపదగినది.

ఈ లెక్కను పెద్దాయనకు చెప్పినప్పుడు ఆయన అడిగిన తరువాతి ప్రశ్న నన్ను ఆశ్చర్యపరచినది: “రెండోవాళ్ళకి ఉత్తసూది ఎందుకండీ? ఊరికే వదిలేస్తే సరిపోయేదిగా?” పరీక్షావిధానమునకు మూలమైన ప్రశ్న ఇదియే. సూది వేయించుకొంటినను ధైర్యముతో గుంపులలో తిరుగువారు ఒక ప్రక్కను, భయముతో ఇంటనుండువారు రెండవ ప్రక్కను ఉన్నచో పోల్చుట చెల్లదు గదా. మార్గమును చూపినప్పుడు పాఠకుడు మార్గమును గూర్చి ప్రశ్నించును. ఫలితమును మాత్రము చెప్పినప్పుడు నమ్ముటయో, నమ్మకపోవుటయో తప్ప వానికి వేరు పని లేదు. (టీకా యను పదము మనకు వ్యాఖ్యకును చెల్లుచున్నది. టీకకు టీక వ్రాయువారే కరవైనారని తెలుగు బోధించువారు చమత్కరించినచో తప్పు పట్టను.)

ఈ దృష్టితో మన విజ్ఞానరచయితలను పునఃపరిశీలించినచో వారి స్థానములు కొంత మారును. మహీధర నళినీమోహన్‌గారిని (1933–2005) సాధారణముగ సులభశైలికి మెచ్చుకొందురు. ఆయన బలము శైలిలోకంటె విషయమును ఎన్నుకొనుటలో నున్నదని నా భావము. కాలెండరు కథ చెప్పబూనినవాడు పొరపాట్ల కథ చెప్పక తప్పదు. సంవత్సరమునకు ఎన్ని దినములో మనుష్యులు లెక్కించిరి, తప్పిరి, ఋతువులు జరిగిపోయినవి, మరల దిద్దిరి. అట్టి కథలో ప్రతి వాక్యమునకును ‘అంతవరకు తెలిసినదానిని బట్టి’ అను భావము తనంత తాను అంటియుండును. అందువలన పాఠకుడు తెలియకయే శాస్త్రస్వభావమును గ్రహించును.

కొడవటిగంటి రోహిణీప్రసాద్‌గారు (1949–2012) అణుశాస్త్రజ్ఞులు. తెనాలి ప్రాంతమునకు చెందిన కుటుంబరావుగారి కుమారులు. తండ్రి వచనములోని ఎత్తుపల్లములు లేని నడక కుమారునికి సంక్రమించినది. విశ్వమును గూర్చియు, మానవపరిణామమును గూర్చియు వ్రాయునప్పుడు ఆయన కబుర్లు చెప్పరు, ఆశ్చర్యార్థకములను గుప్పింపరు. కాని వాక్యముల వేగమువలన ఊహకును, నిర్ధారణమునకును మధ్య గల గట్టు అచ్చటచ్చట చెరగిపోయినదని అనక తప్పదు. పరిణామమునకు సాక్ష్యము అపారము. ఆదిమానవుని ఆలోచనలను గూర్చిన ఊహలకు సాక్ష్యము స్వల్పము. రెండును ఒకే సమతలమున సాగినప్పుడు మొదటిదానికి అన్యాయము జరుగును.

విజయవాడ వైద్యులు గోపరాజు సమరముగారి రచనను విద్యాశాఖలవారు సాహిత్యముగా గణింపరు. ఇది మన లోపమే. దశాబ్దములపాటు పత్రికలలో పాఠకుల ప్రశ్నలకు ఆయన వ్రాసిన జవాబులు తెలుగు వైద్యవచనమున ఒక ఘట్టము. దేహమును గూర్చి సిగ్గుతో మ్రింగుకొను మాటలను అచ్చులోనికి తెచ్చి, అవి ప్రశ్నలే గాని పాపములు కావని స్థాపించినది ఆ శీర్షికలు. అయితే ప్రశ్నోత్తరము అను రూపమునకు సహజమైన హద్దు ఒకటి కలదు. ప్రశ్నించువాడు ఆతురుడు, వానికి తీర్పు కావలెను. నాలుగు వాక్యములలో తీర్పు చెప్పవలసిన వైద్యుడు ‘ఇది ఎట్లు తెలిసినదనగా’ అని మొదలుపెట్టలేడు. మూఢనమ్మకము స్థానమున వైద్యుని మాట నిలిచినది. అది గొప్ప మేలు. కాని మాటను నమ్ముట యను అలవాటు అట్లే నిలిచినది. ఆ కుటుంబమువారి నాస్తికకేంద్రము జనులయెదుట జరిపిన నిప్పులపై నడకలను దీనితో పోల్చి చూడవలెను. అచ్చట ఉపన్యాసము కొంచెమే. ఎవరైనను నడవవచ్చును, వచ్చి నడచి చూడుడనుటయే వాదము. మార్గమును చూపుట యనగా అది.

విశాలాంధ్రవారి ద్వారా ఊరూరికిని చేరిన సోవియట్టు విజ్ఞానగ్రంథముల తెలుగుసేతలను గూర్చి ప్రత్యేకవ్యాసము వ్రాయదగును. మాస్కోలో అనువాదకులుగా నున్న ఉప్పల లక్ష్మణరావుగారు స్వయముగ వృక్షశాస్త్రజ్ఞులు. ఆ గ్రంథములలో పెరెల్మాన్ వంటివారి ధోరణి పాఠకుని చేత లెక్క వేయించుట, తప్పు చేయించుట, ఆ తప్పును పట్టించుట. తెలుగు కొంత బిరుసుగా నున్నను ఈ గుణము చెడలేదు. బిరుసు తెలుగును ఎత్తిచూపిన సమీక్షలు ఎన్నియో చదివితిని; ఈ గుణమును గుర్తించినది మాత్రము చూడలేదు.

వాతావరణవార్తలను గూర్చి ఒక్కమాట. ‘వర్షం కురిసే అవకాశం ఉంది’ అను వాక్యము మన చెవులకు అలవాటుపడి వింతగా తోచదు. అవకాశమనగా వీలు, సదుపాయము. పిల్లవానికి ఉద్యోగావకాశము వచ్చినదందుము. మంచికే వాడు మాట. ‘వరదముంపునకు గురయ్యే అవకాశం’, ‘మరణించే అవకాశం’ అని వ్రాయునప్పుడు సంభావ్యతకు మరియొక మాట లేక దీనిని ఈడ్చుకొనివచ్చితిమి. ఇక ‘ఒకటి రెండు చోట్ల’ అను పలుకుబడి వెనుక ఒక కొలత దాగియున్నది: ఒక ప్రాంతమునందలి వర్షమాపక కేంద్రములలో నాలుగవవంతునకు మించనిచోట్ల వాన పడునని శాఖవారి నిర్వచనము. శ్రోతకు కొలత తెలియదు. కావున తన వీధిలో వాన పడినచో జోస్యము ఫలించినదనును, లేనిచో తప్పినదనును. 2024 సెప్టెంబరు 2న ప్రకాశము బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనది. 1957లో బ్యారేజీ ప్రారంభమైన తరువాత అంతటి ప్రవాహము లేదు. అదే సమయమున బుడమేరు పొంగి సింగునగరును, చిట్టినగరు పరిసరములను ముంచినది. ‘అవకాశం’ అన్న మాటను ఏటేట వినియుండిన జనులకు ఆనాటి అవకాశము ముందటి అవకాశములకంటె ఎంత పెద్దదో తెలిపెడి మాట భాషలో సిద్ధముగా లేదు.

దీనికి ప్రతివాదము కలదు. సామాన్యునికి సందేహములు చెప్పినచో వాడు అసలే నమ్మడనియు, ఆతురునికి ధైర్యము కావలెను గాని తర్కము కాదనియు అందురు. వైద్యుడు రోగితో మాటలాడునప్పుడు ఇది కొంతవరకు నిజము. కాని పత్రికాపాఠకుడు రోగి కాడు, పాఠకుడు. అంతేకాక, నేడు నిశ్చయముగా చెప్పి రేపు మార్చినవానిని జనులు మూడవనాడు నమ్మరు. రెమ్డెసివిర్ కథ తరువాత టీకాను గూర్చి వినవచ్చిన గుసగుసలకు ఇదియొక కారణము కాబోలు. చంద్రయాన్-3 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. దిగుట జరిగిన సంగతి. దానికి భూతకాలక్రియ చాలును, సందేహము జోడించుట హాస్యాస్పదము. కృత్రిమమేధ వైద్యునికంటె ముందుగా రోగమును పసిగట్టును అన్నది అట్టిది కాదు. ఏ రోగమును, ఎవరి చిత్రములను చూచి, ఎన్నిసార్లు తప్పి? రెండింటికిని రెండు క్రియలు కావలెను. సందేహమును అన్నిట చల్లుమని నేను కోరుట లేదు, ఉన్నచోట చూపుమనుచున్నాను.

పరిశోధకవిద్యార్థులు పూనుకొనదగిన పని ఇచ్చట కలదు. ఒక సంవత్సరపు తెలుగు దినపత్రికలనుండి వైద్యవార్తలను ఏరి, అందలి సమాపకక్రియలను వర్గీకరించి, ఆ వార్తలకు మూలమైన అధ్యయనముల పరిమాణముతో పోల్చి చూడవచ్చును. పదకోశములు కూర్చినంత ఓపికతో క్రియలను కూర్చినచో, ‘అట’, ‘కాబోలు’, ‘ఎట్లున్నది’ మొదలగువానిలో వేనిని విజ్ఞానవచనము తిరిగి స్వీకరింపగలదో తెలియవచ్చును.

మొన్న మరల ఆ కంపోజిటరు కనబడినాడు. ఉదయపు కాఫీ మధుమేహమును నివారించునని తేలినట్లు వచ్చిన వార్తను నా చేతికిచ్చి, “గ్యాలీ ప్రూఫు చూసి పుస్తకం అచ్చయిందని రాసేశారండీ” అన్నాడు. ఎందుకట్లనుచున్నారని అడిగితిని. “ఎంతమందికి తాగించి చూశారో రాయలేదు. తాగనివాళ్ళ సంగతి అసలే రాయలేదు” అని కాగితము మడిచి చంకన పెట్టుకొని, కాఫీ హోటలులోనికి దారితీసినాడు.